గోదావరి గట్టు నుంచి కడలి అడుక్కి: దక్కన్ లావా

రాజమండ్రి పరిసరాల్లో కంకర కోసం తవ్వే నల్లరాయి అక్కడ పుట్టింది కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమ కనుమల వైపు వెలువడిన లావా దాదాపు 1,000 కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని రాతి రసాయన పోలికలు చెబుతున్నాయి. అక్కడా ఆగలేదు, బంగాళాఖాతం అడుగుకూ సాగింది. చమురు కోసం కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లో, మట్టి పొరల కింద ఎంతో లోతున, ఈ లావా రాయే తగిలింది.

అయితే శాస్త్రవేత్తలను ఎక్కువగా ఆకర్షించింది లావా కాదు, రెండు లావా పొరల నడుమ ఇరుక్కున్న సముద్రపు సున్నపురాయి. అందులో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలున్నాయి. డైనోసార్లు అంతరించాక కొత్తగా తలెత్తిన చిన్న జాతులవి. అంటే కింది లావా ఆ మహావినాశనం నాటికే పారిందన్నమాట! ప్రధాన విస్ఫోటనాలు ఆ సమయానికే ముగిశాయని 2008లో గెర్టా కెల్లర్ బృందం వాదించింది. మెక్సికోలో పడిన గ్రహశకలాన్నే కారణంగా చూపేవారు దీన్ని ఒప్పుకోరు.