ప్లానార్ ఇయర్‌ఫోన్స్‌కి పదివేలు పెట్టొచ్చా? పేరు పక్కన పెట్టి లెక్క చూద్దాం

మంచి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ కొందామని నాలుగు రివ్యూలు చూస్తే చాలు, ఎక్కడో ఒకచోట "ప్లానార్ తీసుకోండి బ్రో" అన్న సలహా ఎదురవుతుంది. డీటెయిల్ ఎక్కువ, స్పీడ్ ఎక్కువ, బేస్ టైట్‌గా ఉంటుంది అంటారు. ధర మాత్రం కొన్నిటికి పదివేలు దాటుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. కొన్ని నెలలుగా కోడింగ్ చేసుకుంటూ రోజుకి మూడు నాలుగు గంటలు లెట్‌షూయర్ ఎస్12 వింటున్నాను. పక్కన డైనమిక్ డ్రైవర్ సెట్స్ కూడా పెట్టుకుని పోల్చాను. ఈ మాటల్లో ఎంత నిజముందో, ఎంత ప్రచారముందో విడదీసి చెప్తాను.

అసలు ప్లానార్ అంటే ఏంటి?

మామూలు డైనమిక్ డ్రైవర్‌లో గోపురం ఆకారంలో ఒక పొర (డయాఫ్రమ్), దాని వెనక అంటించిన వాయిస్ కాయిల్ ఉంటాయి. కాయిల్ తను అంటుకున్న చోట నెడుతుంది, మిగతా పొర దాని వెంట కదలాలి. ప్లానార్‌లో విడిగా కాయిల్ ఉండదు. చాలా పల్చటి ఫిల్మ్ మీదే సర్క్యూట్ బోర్డు మీద గీసినట్టు లోహపు ట్రేస్‌లు పరుస్తారు. ఎదురుగా అయస్కాంతాలు వరుసగా ఉంటాయి. కరెంటు పారగానే ఫిల్మ్ దాదాపు మొత్తం ఒకేసారి కదులుతుంది. పొర అటూ ఇటూ వంకర్లు పోవడం తగ్గుతుంది కాబట్టి డిస్టార్షన్ కూడా తగ్గుతుంది.

ఐడియా కొత్తదేం కాదు. యమహా 1976లోనే హెచ్‌పీ-1 అనే హెడ్‌ఫోన్‌లో ఇదే వాడింది. దాన్ని చెవిలో పట్టేంత చిన్నగా చేయడమే కష్టమైంది. 2016లో ఆడెజ్ ఐసైన్ వచ్చింది కానీ అది బాగా ఖరీదు. 2019లో టిన్ హైఫై పీ1 ధరని కిందికి దించింది. 2021లో 14.2 ఎంఎం డ్రైవర్‌తో 7హెర్ట్జ్ టైమ్‌లెస్, 2022లో 14.8 ఎంఎం డ్రైవర్‌తో ఎస్12 వచ్చాక ఈ సెగ్మెంట్ నిజంగా ఊపందుకుంది.

యాంప్ కొనాల్సిందేనా?

ఎక్కువమంది భయపడేది ఇక్కడే. "ప్లానార్‌కి పవర్ కావాలి, ఇంకో ఐదారువేలు పక్కన పెట్టుకో" అంటారు. చిన్న లెక్క వేద్దాం.

ఎస్12 స్పెక్ 16 ఓమ్స్, 102 డెసిబెల్స్. అంటే ఒక్క మిల్లీవాట్‌కే 102 డెసిబెల్స్ వస్తుంది. పాటలో పీక్ 110 డెసిబెల్స్‌కి వెళ్లాలనుకున్నా (ఇది చాలా పెద్ద సౌండ్) కావాల్సింది దాదాపు 6.3 మిల్లీవాట్లు, అంటే 0.32 వోల్ట్. 0.5 వోల్ట్ ఇచ్చే చిన్న టైప్-సీ డాంగిల్ అయినా దీన్ని తేలిగ్గా నడిపిస్తుంది.

అదే టిన్ పీ1 తీసుకుంటే 20 ఓమ్స్, 96 డెసిబెల్స్. అదే 110కి 25 మిల్లీవాట్లు, దాదాపు 0.7 వోల్ట్ కావాలి. పాత పీ1తో మొదలైన "పవర్ కావాలి" అన్న పేరు తర్వాత వచ్చిన వాటన్నిటికీ అంటుకుపోయిందని నా అభిప్రాయం. కొనేముందు ప్లానార్ అన్న పదం కాదు, సెన్సిటివిటీ నంబర్ చూడండి. ఒక్క జాగ్రత్త: కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కి లెక్క ఇస్తాయి, కొన్ని వోల్ట్‌కి. ఎస్12నే వోల్ట్ లెక్కలో రాస్తే 120 అవుతుంది. రెండూ కలిపి పోల్చకండి.

ఇంకో ప్లస్ కూడా ఉంది. ప్లానార్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు ఎక్కువున్న ఐఈఎంలు లాప్‌టాప్‌లో ఒకలా, ఫోన్‌లో ఒకలా వినిపించే సమస్య ఇక్కడ పెద్దగా ఉండదు. ఖరీదైన సోర్స్ అవసరం ఇంకాస్త తగ్గినట్టే.

వింటే ఎలా ఉంది?

"నాటు నాటు" పెట్టండి. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఇద్దరూ కలిసి పాడే చోట వెనక వాయిద్యాలు కూడా గట్టిగా ఉంటాయి. రెండువేల సెట్‌లో అది ఒక ముద్దలా వస్తుంది. ఎస్12లో రెండు గొంతులు విడివిడిగా, డప్పు దెబ్బ మొదలూ చివరా స్పష్టంగా తెలుస్తాయి. లోతైన సబ్-బేస్ కూడా కిందిదాకా దిగుతుంది, గొంతుల మీదకి పొంగిరాదు. ఇది నాకు నిజంగా నచ్చింది.

నచ్చనిది ట్రెబుల్. "స", "ష" అక్షరాలు కొన్ని పాటల్లో గుచ్చుకుంటాయి. వీణ కచేరీ వింటుంటే మీటు బాగా వినిపిస్తుంది, కానీ ఆ తర్వాత నాదంలో ఉండాల్సిన నిండుదనం కొంచెం పల్చబడుతుంది. మంచి డైనమిక్ సెట్‌లో అదే నాదం ఇంకా సహజంగా ఉంది.

ఇక "స్పీడ్" సంగతి. ఐఈఎం విషయంలో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, టైమ్‌లో దాని ప్రవర్తన దాదాపు ఒకదాన్నొకటి నిర్ణయించుకుంటాయి. స్పీడ్ అనేది విడిగా ఉండే మాయ కాదు. మనకి డీటెయిల్‌గా అనిపించేదాంట్లో పెద్ద భాగం ట్రెబుల్ కాస్త పైకి లేపిన ట్యూనింగే. వేవ్‌లెట్ యాప్‌లో 8 కిలోహెర్ట్జ్ చుట్టూ మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించి చూశాను. గుచ్చుకోవడం పోయింది, దాంతోపాటు ఆ "వావ్ డీటెయిల్" కూడా కొంత పోయింది. మిగిలిందే డ్రైవర్ సొంత గొప్పతనం: క్లీన్ బేస్, గందరగోళంలోనూ చెదరని సౌండ్. అది చిన్న విషయం కాదు, కానీ ఆరు రెట్ల ధరకి ఆరు రెట్ల సౌండ్ అయితే కాదు.

చెప్పాల్సిన మైనస్‌లు

14 ఎంఎం డ్రైవర్ పట్టాలి కాబట్టి షెల్ పెద్దది. చిన్న చెవులున్నవాళ్లకి గంట తర్వాత ఒత్తుకోవచ్చు. నాయిస్ క్యాన్సిలేషన్ లేదు, మెట్రోలో టీడబ్ల్యూఎస్ ఇచ్చే నిశ్శబ్దం ఆశించొద్దు. నా సెట్ కేబుల్‌కి మైక్ లేదు, ఆఫీస్ కాల్స్‌కి వేరే దారి చూసుకోవాలి.

ఇంకోటి ముఖ్యం. డిస్టార్షన్ తక్కువ ఉంటే వాల్యూమ్ పెరిగినా చెవికి చిరాకు వేయదు, అందుకే తెలియకుండానే పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే సురక్షిత పరిమితి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. రోజంతా పెట్టుకుని పనిచేసే మనలాంటివాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఐఈఎం పాడైతే ఇంకోటి కొనొచ్చు, చెవులు కొనలేం.

కొనాలా, వద్దా?

పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే మనకి బాగున్నట్టు వినిపిస్తుంది. ఇయర్‌టిప్ సరిగ్గా సీల్ అవ్వకపోతే బేస్ మీద తీర్పే చెప్పొద్దు.

ఇప్పటిదాకా ఫోన్ డబ్బాలో వచ్చినవే వాడుతుంటే నేరుగా ప్లానార్‌కి రాకండి. మూన్‌డ్రాప్ చూ, 7హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో లాంటివి 2022లో 20 డాలర్ల చుట్టూ వచ్చాయి. మీకు తెలిసే అతిపెద్ద తేడా అక్కడే ఉంది. అలాంటిది ఇప్పటికే ఉండి, వాయిద్యాలు ఎక్కువున్న పాటలు వింటూ, ఈక్యూతో ఆడుకోవడం ఇష్టమైతే ప్లానార్ మంచి రెండో మెట్టు. ఎక్కువగా గొంతు ప్రధానమైన పాత పాటలే వింటారా? అదే డబ్బుకి మంచి సింగిల్ డైనమిక్ కూడా విని, ఆ తర్వాతే డిసైడ్ అవ్వండి.

యాంప్ కోసం దాచిన ఐదువేలు మాత్రం దాచే ఉంచండి.