ఒకే తొట్టెలో మూడు ఖండాల చేపలు

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని మన ఇచ్ఛాపురానికీ, ఈ ఊరికీ పేరులో పోలిక తప్ప సంబంధం లేదు. అయితే ఒక చేప ఈ రెండు ఊళ్లనూ గుర్తుకు తెస్తుంది. 1790లో జర్మన్ శాస్త్రవేత్త బ్లోఖ్ వర్ణించిన ఆ చేప శాస్త్రీయ నామం ఎట్రోప్లస్ సురాటెన్సిస్. ‘సూరత్‌కు చెందినది’ అని దాని అర్థం. కాని దాని సహజ నివాసం దక్షిణ భారతం, శ్రీలంకల ఉప్పునీటి కయ్యలు. తూర్పు తీరంలో ఇచ్ఛాపురం దాటాక వచ్చే చిలికా సరస్సు వరకూ అది కనిపిస్తుంది. కేరళవారు ‘కరిమీన్’ అని పిలుచుకునే ఈ చేపను 2010లో అక్కడ రాష్ట్ర చేపగా ప్రకటించారు.

ఇది సిక్లిడ్ కుటుంబానికి చెందిన చేప. ఈ కుటుంబంలో మన దేశపు జాతులు మూడే. ఆఫ్రికాలోని మలావీ సరస్సు ఒక్కదానిలోనే వందల జాతులున్నాయి. అక్వేరియం దుకాణాల్లో మీరు చూసే ఏంజెల్ ఫిష్, డిస్కస్, ఆస్కార్ దక్షిణ అమెరికా సిక్లిడ్‌లు. మరి, ఇవన్నీ చుట్టాలే కదా, ఒకే తొట్టెలో పెంచవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు ఖండాన్ని బట్టి దొరకదు. నీరు, తిండి, నడవడి అనే మూడింటిని బట్టి దొరుకుతుంది.

మొదట నీటి సంగతి చూద్దాం. మలావీ సరస్సుది కఠిన జలం. దాని పి.హెచ్. విలువ సుమారు 8. అమెజాన్ ఉపనది రియో నీగ్రోది మృదు జలం. అక్కడ చాలా చోట్ల పి.హెచ్. 5 లోపే. పి.హెచ్.లో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా అని గుర్తుంచుకోండి. చేపలు విసర్జించే అమ్మోనియాలో విషతుల్యమైన భాగం, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, పి.హెచ్. 7 అయితే ఒక శాతం లోపే. పి.హెచ్. 8 అయితే అది సుమారు 5 శాతం. అంటే అదే మురికి పి.హెచ్. ఎక్కువగా ఉన్న నీటిలో ఎక్కువ హాని చేస్తుంది. కరిమీన్‌కైతే కాస్త ఉప్పు కలిసిన నీరు హితం. అది డిస్కస్‌కు సరిపడదు.

రెండోది తిండి. మలావీలోని ఎంబూనా అనే రాళ్ల చేపలు ప్రధానంగా రాళ్లమీది నాచును గీరి తింటాయి. వాటి పేగు పొడవైనది. ఆస్కార్ మాంసాహారి. దానికి వేసే మాంసాహారం రోజూ తింటే ఎంబూనా పొట్ట ఉబ్బి చనిపోవచ్చు. ఇంకో సంగతి, అంగుళం రెండంగుళాల పిల్లగా కొన్న ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది. నోట పట్టిన చేపనల్లా మింగుతుంది.

మూడోది నడవడి. మధ్య అమెరికాకు చెందిన ఫైర్‌మౌత్ శత్రువును చూస్తే ఎర్రని గొంతు ఉబ్బించి బెదిరిస్తుంది. దాని జాతి చేపలకు ఆ సంజ్ఞ చాలు, చాలాసార్లు పోట్లాట లేకుండానే తగవు తీరుతుంది. ఎంబూనా ఆ బెదిరింపును లెక్కచేయక మీద పడుతుంది. రెండింటికీ కఠిన జలం సరిపోయినా కాపురం కుదరదు.

మరి కుదిరే జోడీలు లేవా? ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన క్రిబెన్సిస్ అడుగున, గుహల్లో ఉంటుంది. ఏంజెల్ ఫిష్ మధ్య, పై భాగాల్లో తిరుగుతుంది. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టెలో సుమారు 250 లీటర్ల నీరు పడుతుంది. పి.హెచ్. 7 దగ్గర, 26 డిగ్రీల వేడిలో ఒక్కొక్క జంటను పెంచవచ్చు. గుడ్లు పెట్టినప్పుడు మాత్రం రెండు జంటలూ కోపంగా ఉంటాయి. అందుకే రాళ్లు, మొక్కలతో మరుగు కల్పించండి. సూరత్‌లో జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరకు చల్లబడతాయి కాబట్టి హీటరు తప్పనిసరి.

చేపను కొనేముందు మీ కుళాయి నీటిని, బోరు నీటిని పరీక్షించండి. ఆ నీటికి తగిన చేపను ఎంచుకోండి. చేపకోసం నీటిని రోజుకో మందుతో మార్చకండి. దుకాణాల్లోని చేపల్లో చాలా భాగం చెరువుల్లో, తొట్టెల్లో పుట్టినవే. అవి కొంత తేడాను ఓర్చుకుంటాయి గాని, నీరు ఒక్కసారిగా మారితే తట్టుకోలేవు.

చివరిగా ఒక ముఖ్య విషయం. పొసగని చేపను తాపీలోనో, బాహుదాలోనో వదలకండి. 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా సిక్లిడ్ మొజాంబిక్ తిలాపియా ఎన్నో జలాశయాలకు వ్యాపించి స్థానిక చేపలకు పోటీ అయింది. అక్కరలేని చేపను దుకాణానికో, పెంచగల మరొకరికో ఇవ్వండి. తొట్టెలో జరిగిన పొరపాటును మనం దిద్దుకోగలం. నదిలోకి వెళ్లిన పొరపాటును వెనక్కి తేలేం.