వేగానికీ ఒక బడి ఉంది
చోళవరం నుంచి ఇరుంగాట్టుకోట్టై దాకా చెన్నై రేసుల కథ

నెల్లూరు, గూడూరు వైపు బస్సెక్కే చెన్నై తెలుగువారికి రెడ్‌హిల్స్ దాటాక వచ్చే చోళవరం కొత్త కాదు. నగరానికి తాగునీరిచ్చే చెరువుగా మన పిల్లలకూ ఆ పేరు తెలుసు. ఒక తరం వెనక్కి వెళ్తే మాత్రం చోళవరం అంటే కార్ల పందేలే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ దశాబ్దంలోనే దాన్ని పందేలకు వాడుకోవడం మొదలుపెట్టింది. మూడు దశాబ్దాలకు పైగా అక్కడ కార్లు, మోటారు సైకిళ్లు పోటీపడ్డాయి. చూడటానికి జనం వేలల్లో తరలివచ్చేవారు. అయితే అది విమానాల కోసం వేసిన బాట. పందేలకంటూ విడిగా ఒక బాట కావాల్సి వచ్చింది.

అలా పుట్టిందే ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. రామానుజాచార్యులు పుట్టిన శ్రీపెరుంబుదూరుకు దగ్గర్లో, బెంగళూరు రహదారి పక్కన 1990లో ఇది మొదలైంది. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ తొలినాళ్లలో ఇక్కడే పోటీపడి, 2005లో ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడయ్యారు. 2010లో ఆ స్థాయికి చేరిన కరుణ్ చందోక్ మన చెన్నైవారే. ఆయన తాత ఇందు చందోక్ ఆ క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరు.

రేసులు ఇప్పుడు నగరాల నడిబొడ్డుకూ వచ్చాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ దీపాల వెలుగులో కార్లు పరుగెత్తాయి. ఆ వీడియోలు మన పిల్లల ఫోన్లలోనూ తిరిగాయి.

తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా మనం ఆలోచించాల్సింది ఇక్కడే. పిల్లలకు వేగం కనబడుతోంది, దాని వెనకున్న క్రమశిక్షణ కనబడటం లేదు. పోటీ లైసెన్సు లేనిదే ఎవరినీ పందేనికి అనుమతించరు. హెల్మెట్, నిప్పు అంటని దుస్తులు తప్పనిసరి. పసుపు జెండా ఊపితే ఎవరూ ఎవరినీ దాటకూడదు. ఎర్రజెండా చూపితే పందెం ఆగాల్సిందే. ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా 2023లో ఇరుంగాట్టుకోట్టైలో వేర్వేరు పోటీల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. మరి ఏ జాగ్రత్తా లేని వీధిలో మన అబ్బాయి చేతికి బండి తాళం ఇవ్వడం ఎంతవరకు సబబు?

చట్టమూ ఊరుకోదు. గేర్ల బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

వద్దని కేకలేస్తే పిల్లలు వినరు. లెక్క చేయించి చూపిద్దాం. 3.717 కిలోమీటర్ల చుట్టును రెండు నిమిషాల్లో పూర్తిచేస్తే సగటు వేగమెంత? గంటకు సుమారు 111.5 కిలోమీటర్లు. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. ఏడో తరగతి పిల్లవాడు కూడా దీన్ని తెలుగులోనే చక్కగా అర్థం చేసుకోగలడు. చోళవరం కథను తెలుగు వాచకం పీరియడ్‌లో చదివించి, లెక్కను గణితం పీరియడ్‌లో చేయిస్తే మన ఊరి చరిత్రా, రోడ్డు భద్రతా ఒకేసారి బుర్రకెక్కుతాయి.

నిజంగా ఆసక్తి ఉన్న బిడ్డను శిక్షకులుండే కార్టింగ్ ట్రాక్‌కు తీసుకెళ్దాం. వేగం నేర్చుకోవాల్సిన చోటు అది. మన వీధి కాదు.