జడివానలో పొగపొయ్యి

మీరు సిప్పీఘాట్‌లో ఉన్నారనుకోండి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 14 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ అండమాన్‌లో ఉన్న ఊరిది. కొబ్బరి, లవంగం, జాజి, మిరియాల తోటలకు పేరుపొందింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం ప్రజల మాతృభాష తెలుగే. కాబట్టి మీకు ఇక్కడ బంధువులున్నా ఆశ్చర్యపోనక్కరలేదు.

నవంబరు నెల. మిత్రులంతా కలిసి ఒక సీమకోడిని, అంటే టర్కీ కోడిని తెచ్చారు. మూత ఉన్న ఇనుప డ్రమ్ము అడుగున కొబ్బరిచిప్పల నిప్పు వేసి, పైన ఊచల మీద కోడిని ఉంచి, మూత పెట్టారు. రెండు గంటలు గడిచాయో లేదో జడివాన మొదలైంది. అయినా నిప్పు ఆరలేదు. పొగ వస్తూనే ఉంది. మరో రెండు గంటలకు మూత తీస్తే చర్మం చక్కటి బంగారు రంగుకు తిరిగింది. ఘుమఘుమలాడుతోంది.

మరి తినవచ్చునా? తొందరపడకండి. ఆ బంగారు రంగు మిమ్మల్ని మోసం చేస్తూ ఉండవచ్చు.

పొగ చేసేదేమిటి?

కట్టెలో ముఖ్యంగా సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్ అనే పదార్థాలుంటాయి. గాలి చాలినంత అందకుండా కట్టె వేడెక్కినపుడు ఇవి విచ్ఛిన్నమవుతాయి. లిగ్నిన్ నుంచి వచ్చే ఫినాళ్ళు పొగకు ఆ ప్రత్యేకమైన వాసననిస్తాయి. మిగతా రెండింటినుంచి వచ్చే కార్బొనైల్ సమ్మేళనాలు మాంసంలోని ప్రోటీన్లతో కలిసి చర్మానికి బంగారు రంగు తెస్తాయి. ఎసిటిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ వంటివి సూక్ష్మజీవుల పెరుగుదలను కొంత అడ్డుకుంటాయి.

అయితే ఇదంతా పైపైనే జరుగుతుంది. పొగలోని పదార్థాలు మాంసంలోకి కొద్ది మిల్లీమీటర్లకు మించి చొరబడలేవు. లోపలి మాంసాన్ని ఉడికించేది, అందులోని క్రిములను చంపేది పొగ కాదు, వేడి. రంగుకూ ఉడకడానికీ సంబంధం లేదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడ్లు మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలవడంవల్ల బాగా ఉడికిన మాంసం కూడా చర్మం కింద గులాబి రంగులో కనిపించవచ్చు. పచ్చిది ఉడికినట్లు, ఉడికింది పచ్చిగా ఉన్నట్లు! కంటిని నమ్మడానికి లేదు.

వాన దొంగిలించేది ఎంత?

ఒక చిన్న లెక్క వేద్దాం. 200 లీటర్ల డ్రమ్ము మూత వైశాల్యం సుమారు 0.26 చదరపు మీటరు. గంటకు 10 మిల్లీమీటర్ల వాన కురుస్తోందనుకుందాం. అంటే చదరపు మీటరుకు 10 లీటర్లు. మూత మీద గంటకు పడే నీరు 2.6 లీటర్లు. అందులో సగం జారిపోయి, మిగతా 1.3 లీటర్లు మూత వేడికి ఆవిరైపోయిందనుకోండి.

28 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న లీటరు నీటిని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 300 కిలోజౌళ్ళు కావాలి. దాన్ని ఆవిరిగా మార్చడానికి మరో 2,260 కిలోజౌళ్ళు కావాలి. ఈ రెండోదే మీరు పాఠాల్లో చదివిన బాష్పీభవన గుప్తోష్ణం. మొత్తం 2,560 కిలోజౌళ్ళు. 1.3 లీటర్లకు సుమారు 3,330. దీన్ని 3,600 సెకన్లతో భాగిస్తే 0.92 కిలోవాట్లు వస్తుంది. అంటే, దాదాపు వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఇచ్చేంత వేడిని వాన ఒక్క మూతమీదినుంచే లాక్కుపోతోందన్నమాట! డ్రమ్ము పక్కలనుంచి గాలి ఎత్తుకుపోయేది దీనికి అదనం.

కట్టె తడిసిందా, మరో నష్టం. కిలో ఎండు కట్టె సుమారు 16,000 కిలోజౌళ్ళ వేడినిస్తుంది. అదే కిలోలో సగం నీరయితే అసలు కట్టె అరకిలోయే. దాని వేడిలోనూ కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మంట చల్లబడి, తెల్లని దట్టమైన పొగ వస్తుంది. చూసేవారికి పొయ్యి జోరుగా ఉన్నట్లే ఉంటుంది. నిజానికి అది నీరసించిన పొయ్యి.

గాలిలో తేమ దోషి కాదా?

అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ వానలు కురిపిస్తాయి. మరి గాలిలోని తేమవల్ల కూడా పొగపొయ్యి దెబ్బతింటుందా?

ఇక్కడొక వింత ఉంది. 28 డిగ్రీల దగ్గర 85 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిని తీసుకుని 60 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాపేక్ష ఆర్ద్రత సుమారు 16 శాతానికి పడిపోతుంది. 110 డిగ్రీలకు తెస్తే 2 శాతమే! గాలిలో నీరు ఎక్కడికీ పోలేదు. వేడిగాలి మరెంతో నీటిని మోయగలదు కాబట్టి అది ‘పొడిగాలి’ అయింది.

దీవుల్లో కొబ్బరిని నిప్పు మీద ఎండబెట్టడంలోని కిటుకు ఇదే. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే. ఎండుకొబ్బరి నిలవ ఉండాలంటే అది 6 శాతానికి దిగాలి. వానాకాలంలో ఆరుబయట పరిస్తే అది ఎండకముందే బూజు పడుతుంది. అందుకే కప్పు కింద అటకమీద పరచి, అడుగున కొబ్బరిచిప్పల నిప్పు పెడతారు. తేమగాలి ఎప్పుడూ ఉండేదే. దాన్ని వేడిచేసి పొడిగా మార్చుకోవడమే ఉపాయం. పొయ్యి వేడిని కాపాడుకుంటే తేమకు భయపడనవసరం లేదు.

వేడి తగ్గితే ప్రమాదమేమిటి?

5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా పెరగగలదు. గోరువెచ్చని మాంసంలో కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. నాలుగు గంటల్లో 12 సార్లు రెట్టింపయితే ఒక్క బాక్టీరియా 4,096 అవుతుంది. స్టఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా విడుదల చేసే విషం తరువాత ఎంత ఉడికించినా పూర్తిగా నశించదు. అందుకే నాలుగు గంటలలోపు మాంసం లోపలిభాగం 60 డిగ్రీలు దాటాలంటారు. చివరకు 74 డిగ్రీలకు చేరితే సాల్మొనెల్లా వంటివి చస్తాయి.

సీమకోడి పెద్ద పక్షి కావడం మరో చిక్కు. వేడి లోపలికి చేరే కాలం మందం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ లెక్కన కిలోన్నర నాటుకోడికంటే 10 కిలోల సీమకోడికి సుమారు మూడున్నర రెట్ల కాలం పడుతుంది. నాటుకోడికి చెల్లిన అలవాటు దీనికి చెల్లదు.

ఈ పక్షి స్వస్థలం అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతంవారు దీన్ని మచ్చిక చేశారు. 1612లో గోవానుంచి తెచ్చిన ఒక సీమకోడిని చూసి ముచ్చటపడ్డ జహంగీరు, చిత్రకారుడు మన్సూర్ చేత దాని బొమ్మ వేయించాడు. నేడు అమెరికాలో నవంబరు నాలుగో గురువారం పండుగకు ఆరుబయట దీన్ని పొగపెట్టేవారున్నారు. అక్కడ వేడిని దొంగిలించేది చలిగాలి. ఇక్కడ వాన. దొంగ వేరైనా దొంగతనం ఒకటే.

ఏం చేయాలి?

పొయ్యికి పైన, ఎత్తుగా ఒక రేకు కప్పు వేయండి. పక్కలు తెరిచే ఉంచండి. వానకు భయపడి పొయ్యిని వరండాలోకో, గదిలోకో మాత్రం తేకండి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన చోట ప్రాణం తీస్తుంది.

కోడిని వెన్నువెంట చీల్చి పరిచినా, ముక్కలు చేసినా మందం తగ్గి వేడి త్వరగా అందుతుంది. ఎండిన చిప్పలు, కట్టెలే వాడండి. మాటిమాటికీ మూత తీయకండి. కొవ్వు కారి నిప్పులో పడకుండా కింద పళ్ళెం ఉంచండి. ఆ కొవ్వు మండితే క్యాన్సరు కారకమైన బెంజోపైరీన్ పెరుగుతుంది. పొగపెట్టిన మాంసంలో ఇది కిలోకు 2 మైక్రోగ్రాములకు మించరాదని ఐరోపా సమాఖ్య నియమం.

డ్రమ్ములోని గాలి 110 నుంచి 150 డిగ్రీల మధ్య ఉండాలి. సూది ఉన్న వంట థర్మామీటరును తొడలో మందమైన చోట, ఎముక తగలకుండా గుచ్చి చూడండి. జ్వరం చూసేది పనికిరాదు. అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

వాన తగ్గేలా లేదా? మొండిపట్టు వద్దు. పొగ రుచి ఎక్కువగా మొదటి గంటల్లోనే పడుతుంది. మాంసం గోరువెచ్చగా నిలిచిపోకముందే ఇంట్లోకి తెచ్చి, ముక్కలు కోసి ప్రెషర్ కుక్కరులో ఉడికించండి. వేడి ఎక్కడినుంచి వచ్చిందన్నది మాంసానికి అనవసరం!

మీరే చేసి చూడండి

ఒకే పరిమాణం గల రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్ళు పోయండి. ఒకదానికి తడిగుడ్డ చుట్టండి. రెండింటినీ ఫ్యాను గాలిలో ఉంచి, ప్రయోగశాల థర్మామీటరుతో అయిదేసి నిమిషాలకు ఉష్ణోగ్రత రాసి గ్రాఫు గీయండి. రెండు రేఖల మధ్య ఎడమే వానా గాలీ కలిసి చేసే దొంగతనం.