ట్యాగు మీద లేని పన్ను

హోటల్‌కి వెళ్ళి 250 రూపాయల బిర్యానీ చెప్తాం. బిల్లు మాత్రం 262 రూపాయల 50 పైసలు వస్తుంది. 5 శాతం జీఎస్టీ ఉంటుందని మనకి తెలియదా? తెలుసు. కానీ ఆర్డర్ ఇచ్చేటప్పుడు మన బుర్రలో ఉన్నది మెనూ మీది 250 మాత్రమే.

ఇదే విషయం మీద పరిశోధన చేసినవారిలో రాజ్ చెట్టి ఒకరు. 1979లో ఢిల్లీలో పుట్టి, తొమ్మిదేళ్ళ వయసులో అమెరికా వెళ్ళారు. ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసర్.

పాత ఆర్థికశాస్త్రం లెక్కలో ధర ఒక రూపాయి పెరిగినా, పన్ను ఒక రూపాయి పెరిగినా కొనేవాడికి ఒకటే. నిజంగా ఒకటేనా? ఆడమ్ లూనీ, కోరీ క్రాఫ్ట్‌లతో కలిసి చెట్టి 2006లో కాలిఫోర్నియాలోని ఒక సూపర్‌మార్కెట్లో పరీక్షించి చూశారు. అక్కడ ట్యాగు మీద పన్ను కలపని ధరే ఉంటుంది. 7.375 శాతం అమ్మకపు పన్ను బిల్లు కౌంటర్‌లో కలుస్తుంది. వీళ్ళు సుమారు 750 రకాల వస్తువులకి పన్నుతో కలిపిన ధర కూడా చూపించే ట్యాగులు మూడు వారాల పాటు పెట్టారు. అంటే 5 డాలర్ల వస్తువు దగ్గర 5.37 అని కూడా కనిపిస్తుంది. కట్టాల్సిన డబ్బు ఒక్క సెంటు కూడా మారలేదు. అయినా అమ్మకాలు దాదాపు 8 శాతం పడిపోయాయి!

అసలు విశేషం ఏంటంటే, కొనేవాళ్ళని అడిగితే వాటి మీద పన్ను ఉందని చాలామందికి తెలుసు. అంటే లోపం తెలివిలో లేదు, ధ్యాసలో ఉంది.

దీనివల్ల మనకేంటి అంటారా? కనిపించని పన్ను పెంచితే జనం కొనడం పెద్దగా తగ్గించరు, గొడవా తక్కువే. కానీ జేబులోంచి పోయే డబ్బు పోతూనే ఉంటుంది, ఆ మేరకు ఇంకో ఖర్చు మానుకోవాల్సిందే. కాబట్టి పన్ను ఎంత అన్నదే కాదు, దాన్ని ఎక్కడ చూపిస్తున్నారు అన్నది కూడా ప్రభుత్వ విధానమే. మన దగ్గర ప్యాకెట్ మీద ఎమ్మార్పీ అన్ని పన్నులతో కలిపి ఉంటుంది. హోటల్ మెనూలో మాత్రం చాలాచోట్ల అలా ఉండదు.

చెట్టి పాఠం చెప్పే తీరూ ఇలాంటిదే. సామాజిక సమస్యలకి బిగ్ డేటాతో పరిష్కారాలు వెతికే కోర్సు ఒకటి హార్వర్డ్‌లో చెప్పారు. ముందుగా ఎకనామిక్స్ చదివి ఉండక్కర్లేదు. లెక్చర్లు ఆన్‌లైన్లో ఉచితం. కోడింగ్ వచ్చిన మనలాంటివాళ్ళు తప్పక చూడాలి. రేపు బిల్లింగ్ యాప్ రాసేది మనమే. పన్ను ఏ స్క్రీన్ మీద కనిపించాలో తేల్చేవాళ్ళలో మనమూ ఉంటాం.