గోదావరి అవతలి ఒడ్డు పాట

మాది ధర్మపురి దిక్కు. గోదావరి దాటితే లక్సెట్టిపేట, ఆ పక్కన దండేపల్లి మండలంల లింగాపురం. ‘ఊరు మనదిరా’ పాట రాసిన గూడ అంజయ్య 1955ల పుట్టింది ఆ ఊర్లనే. కాలేజీ రోజుల్ల ఆయన పాటలకు నేను కోరస్ అందుకునేదాన్ని. ‘ఊరు మనదిరా’ను పుస్తకం చూసి నేర్వలేదు, పక్కోళ్ల గొంతు పట్టుకొని నేర్చుకున్న.

ఆ పాట బలం దాని కట్టుబడిల ఉన్నది. ఊరు ఎవరిదో పల్లవిలనే తేల్చేసి, నడుమ దొరకేం పని అని నిలదీస్తడు అంజయ్య. చరణంల పనిముట్లు, బండి, ఎడ్లు, కష్టజీవి చేతికి తెలిసిన వస్తువులనే లెక్కపెడుతడు. చరణం ముగిసి పల్లవికి మళ్లిన ప్రతిసారీ ఆ ప్రశ్న ఇంకింత బరువెక్కుతది. మాటలన్నీ పొట్టివి. తొలిసారి విన్నోళ్లు సుత రెండో చరణానికి గొంతు కలుపుతరు. నాట్లేసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాట నడక అది.

అప్పటి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు ఆ ప్రశ్న ఎంత అవసరమో యాది చేసుకోవాలె. వెట్టి, పాలేర్ల జీతాలు, దొరల కింది బంజర్లు, ఇవన్నీ మీదపడి 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. నెల తిరిగేసరికి సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగ ప్రకటించింది.

ఇట్లనే అణచివేతను పాటతోని నిలదీసిన దక్షిణాఫ్రికా గాయకుడు లక్కీ డూబే ఇంకో తొవ్వ పట్టిండు. 1964ల ఎర్మెలోల పుట్టిన డూబే మొదట జూలూ భాషల అక్కడి ఎంబకాంగా బాణీ పాటలు పాడిండు. 1984ల జమైకా రెగేకు మళ్లిండు. తొలి రెగే రికార్డు ‘రాస్టాస్ నెవర్ డై’ని వర్ణవివక్ష సర్కారు నిషేధించింది. రెగేల గిటారు దెబ్బ మనం తాళం వేసేకాడ పడదు, రెండు తాళాల సందుల పడుతది. కింద బేస్ గిటారు బరువుగ నడుస్తది. అందుకే ఆ పాటల కోపం సుత నింపాదిగ వినిపిస్తది. ఇంగ్లిషుల పాడిన ‘స్లేవ్’, ‘ప్రిజనర్’ దేశాలు దాటినయి. 2007 అక్టోబర్ 18న జొహానెస్‌బర్గ్‌ల కారు దొంగలు ఆయనను కాల్చి చంపిండ్రు.

డూబే బాణీ మార్చుకున్నడు. అంజయ్య ఊరి బాణీని విడువలేదు. అయినా ‘ఊరు మనదిరా’ 16 భాషల్లకు పోయిందని చెప్తరు. నాకు అంజయ్య తొవ్వనే ఎక్కువ ఇష్టం. డప్పు ఒకటి ఉంటే చాలు, కరెంటు లేని వాడల సుత ఆ పాట నడుస్తది.

ఆయన కొలువు సర్కారు ఫార్మసిస్టు. సర్కారు దవాఖానకు నేను రానని బిడ్డతో మొరపెట్టుకునే పాట రాసింది ఆయనే! మందుల గదిల నిలబడి రోగుల ముఖాలు చూసిన మనిషి గనుకనే అందుల పేదల భయం అంత నిజంగ పలికింది. కొలువు ఇచ్చిన సర్కారు మీద పాట రాయడానికి ఎంత గుండె ఉండాలె!

పట్నం పోయిన కొడుకు కోసం పల్లె తల్లడిల్లే ‘భద్రం కొడుకో’ సుత ఆయనదే. 1983ల వచ్చిన బి.నర్సింగరావు సినిమా ‘రంగుల కల’ల గద్దర్ దాన్ని పాడిండు. గద్దర్ గొంతు ఎంత గొప్పదంటే, రాసింది సుత ఆయనే అనుకునేటోళ్లు నాకు ఎందరో ఎదురైండ్రు. అంజయ్య 2016 జూన్ 21న కన్నుమూసిండు. ఆ పాటలు పిల్లలకు నేర్పేటప్పుడు పల్లవి కన్నా ముందు రాసినాయన పేరు, ఊరు చెప్పిస్తున్న.