హీట్ షీట్ నుంచి టచ్‌ప్యాడ్ దాకా: ఈత పోటీల మాటలు

ఈత పోటీల్లో టైమింగ్ గురించి మాట్లాడాలంటే ముందు ‘కోర్సు’ తెలియాలి. యాభై మీటర్ల కొలనులో ఈదితే అది లాంగ్ కోర్సు, 25 మీటర్ల కొలనులో అయితే షార్ట్ కోర్సు. ఒలింపిక్స్ లాంగ్ కోర్సులోనే జరుగుతాయి. వంద మీటర్ల పోటీలో లాంగ్ కోర్సుకు ఒక్కసారి గోడ దగ్గర తిరిగితే చాలు, షార్ట్ కోర్సుకు మూడుసార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ గోడను కాళ్లతో తన్ని వేగం అందుకుంటారు కనుక షార్ట్ కోర్సులో సాధారణంగా తక్కువ సమయం పడుతుంది. ఈ తేడా చూడకుండా రెండు టైమింగులనూ పక్కపక్కన పెట్టి, పిల్లవాడు వెనకబడ్డాడని మందలించడం అన్యాయం.

పోటీలన్నీ కలిపి ఒక ‘మీట్’. పేరు నమోదు చేసేటప్పుడు ఇచ్చే పాత టైమింగే ‘ఎంట్రీ టైమ్’. దాన్నిబట్టి ఈతగాళ్లను ‘హీట్లు’గా విడదీసి, ఎవరు ఏ హీట్‌లో ఏ లేన్‌లో ఈదాలో చూపే ‘హీట్ షీట్’ తయారుచేస్తారు. ఎనిమిది లేన్ల కొలనులో అందరికంటే వేగం గలవారికి నాలుగో లేన్, తర్వాతివారికి అయిదు, ఆ తర్వాత మూడు, ఆరు ఇస్తారు. షీట్‌లో ‘ఎన్‌టీ’ అని ఉంటే ఎంట్రీ టైమ్ ఇవ్వలేదని అర్థం. తమ హీట్‌లో మొదట వచ్చిన అమ్మాయి పేరు ఫైనల్ జాబితాలో లేకపోతే తల్లిదండ్రులు కంగారుపడతారు. ఫైనల్‌కు చూసేది హీట్‌లో స్థానం కాదు, అన్ని హీట్లలోనూ కలిపి వచ్చిన టైమింగ్.

పోటీ మొదలయ్యేది ఈలతోనే. రిఫరీ వరుసగా పొట్టి ఈలలు వేస్తే పైదుస్తులు తీసి సిద్ధం కావాలి. పొడుగు ఈల వినపడితే ‘స్టార్టింగ్ బ్లాక్’ ఎక్కాలి. బ్యాక్‌స్ట్రోక్‌కు మాత్రం ఆ ఈలకు నీళ్లలోకి దిగుతారు, రెండో పొడుగు ఈలకు గోడ పట్టుకుంటారు. ‘టేక్ యువర్ మార్క్స్’ అనగానే వంగి, కదలకుండా ఉండాలి. సంకేతం రాకముందే బయలుదేరితే ‘ఫాల్స్ స్టార్ట్’. దానికి రెండో అవకాశం ఉండదు.

ఈత రీతులు నాలుగు: ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై. నాలుగూ ఒక్కరే ఈదితే ‘ఇండివిడ్యువల్ మెడ్లీ’. అది బటర్‌ఫ్లైతో మొదలై ఫ్రీస్టైల్‌తో ముగుస్తుంది. నలుగురు పంచుకునే ‘మెడ్లీ రిలే’ మాత్రం బ్యాక్‌స్ట్రోక్‌తో మొదలవుతుంది, ఎందుకంటే బ్యాక్‌స్ట్రోక్‌ను నీళ్లలో నుంచే ప్రారంభించాలి. ముందు ఈదుతున్నవాళ్లు గోడకు చేరుతున్న సమయంలో తర్వాతివాళ్లు అదే లేన్‌లో నీళ్లలో వేలాడుతూ ఉండడం కుదరదు.

పిల్లల్ని ఏడిపించే మాట ‘డీక్యూ’, అంటే డిస్‌క్వాలిఫికేషన్. చిన్న వయసులో ఇది ఎక్కువగా గోడ దగ్గరే జరుగుతుంది. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో రెండు చేతులూ ఒకేసారి, విడివిడిగా గోడను తాకాలి. ఒక చెయ్యి ముందు తగిలినా తప్పే. ఫ్రీస్టైల్‌లో శరీరంలో ఏ భాగం తాకినా సరిపోతుంది, అందుకే మునిగి పల్టీ కొట్టి పాదాలతో గోడను తన్నే ‘ఫ్లిప్ టర్న్’ అక్కడ చెల్లుతుంది. బ్యాక్‌స్ట్రోక్ వెల్లకిలా ఉండగానే ముగించాలి. గోడ కనపడదు కనుక అయిదు మీటర్ల దూరంలో పైన జెండాలు కడతారు. జెండాలు దాటాక ఎన్ని బారలు వెయ్యాలో ఈతగాళ్లు ముందే లెక్కపెట్టుకుని ఉంచుకుంటారు.

మరో నియమం ‘పదిహేను మీటర్లు’. బ్రెస్ట్‌స్ట్రోక్ తప్ప మిగతా రీతుల్లో స్టార్ట్, టర్న్‌ల తర్వాత ఆ దూరంలోపే తల నీటిపైకి రావాలి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన డేవిడ్ బెర్కాఫ్, జపాన్‌కు చెందిన డైచీ సుజుకి బ్యాక్‌స్ట్రోక్‌లో చాలా దూరం నీటి అడుగునే, రెండు కాళ్లూ కలిపి ఆడించే ‘డాల్ఫిన్ కిక్’ వేస్తూ వెళ్లారు. వంద మీటర్ల స్వర్ణం సుజుకికి దక్కింది. ఆ తర్వాతే ఈ హద్దులు వచ్చాయి.

గోడ మీద ఉండే ‘టచ్‌ప్యాడ్’ తాకిన క్షణంలో గడియారం ఆగుతుంది, సెకనులో నూరో వంతు వరకు లెక్క చూపుతుంది. 2008 బీజింగ్‌లో వంద మీటర్ల బటర్‌ఫ్లైని మైకేల్ ఫెల్ప్స్ 50.58 సెకన్లలో ముగించాడు. మిలోరాద్ చావిచ్‌కు 50.59 పట్టింది. చావిచ్ చేతులు చాచి చివరికి జారుతూ రాగా, ఫెల్ప్స్ మరో అర బార వేసి ప్యాడ్‌ను గట్టిగా కొట్టాడు.

పెద్ద పోటీలకు అర్హత సమయాన్ని ‘కట్’ అంటారు. టోక్యో ఒలింపిక్స్‌కు 200 మీటర్ల బటర్‌ఫ్లైలో నేరుగా అర్హత ఇచ్చే ‘ఏ కట్’ 1:56.48. కేరళ ఈతగాడు సాజన్ ప్రకాశ్ 2021లో రోమ్‌లో 1:56.38 ఈది, ఆ కట్ అందుకున్న మొదటి భారతీయుడయ్యాడు.

ఇంట్లో ఎక్కువగా వాడుకోదగ్గ మాట ‘పీబీ’, అంటే సొంత అత్యుత్తమ టైమింగ్. ఏడో స్థానంలో వచ్చిన పాప కూడా పీబీ కొట్టి ఉండవచ్చు, అది మెచ్చుకోవలసిన ఫలితమే. దాన్ని అర్థం చేసుకోవడానికి ‘స్ప్లిట్లు’ చూడాలి, అంటే ఒక్కో పొడవుకు పట్టిన సమయం. రెండో సగం మొదటి సగంకంటే వేగంగా ఈదితే అది ‘నెగటివ్ స్ప్లిట్’. పెద్ద మీట్ ముందు ఈదే దూరం తగ్గించి, అలసట తీరేలా చూడడం ‘టేపర్’. ఆ రోజుల్లో కోచ్ తక్కువ ఈదిస్తున్నాడని అదనపు సాధన చేయించకూడదు.